మందలించిందా, దెప్పిందా, దూషించిందా? తప్పుపట్టే మాటను సరిగ్గా ఎంచుకోవడం ఎలా

"విమర్శించాడు అని రాస్తే సరిపోదా అండీ?" కథలు రాసేవాళ్ళు, సబ్‌టైటిళ్ళు రాసేవాళ్ళు, అపార్ట్‌మెంట్ సంఘానికి ఉత్తరం రాయాల్సి వచ్చినవాళ్ళు, అందరూ నన్ను తిప్పి తిప్పి ఇదే అడుగుతున్నారు కాబట్టి ఒకసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నాను. సరిపోదు. పిల్లాడు రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చాడనుకోండి, వాళ్ళమ్మ కోప్పడిందంటే ఒక ఇల్లు కనిపిస్తుంది, కసురుకుందంటే ఇంకో ఇల్లు, నిష్ఠూరమాడిందంటే మరో ఇల్లు, సాధించిందంటే ఆ పిల్లాడి మీదే జాలేస్తుంది. విమర్శించిందని రాస్తే మాత్రం ఏ ఇల్లూ కనిపించదు, ఎక్కడో మీటింగ్ జరిగినట్టుంటుంది.

నేను పేపర్లో చేరిన కొత్తలో ఇలాంటి తప్పే చేశాను. ఒక బడిలో టీచరు పుస్తకాలు తేని పిల్లని నిలబెట్టి, పుస్తకం లేకుండా బడికెందుకొచ్చావు, రేపైనా తీసుకురా అని గట్టిగా అంది. నేను "విద్యార్థినిని దూషించిన ఉపాధ్యాయురాలు" అని రాశాను. మర్నాడు ఆవిడ ఆఫీసుకొచ్చి, పేపరు నా ముందు పరిచి, ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి "నేనేం బూతు మాటన్నానమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కింద రాసిన పద్ధతి అప్పటినుంచి నేను వాడుతున్నదే.

కావలసినవి

మీరు రాసిన వాక్యం. ఆ మనిషి నిజంగా అన్న మాటలు, గుర్తున్నంత వరకు. ఒక నిఘంటువు (ఇంటర్నెట్‌లో ఆంధ్రభారతి ఉంది, బ్రౌన్ నిఘంటువుతో సహా చాలా నిఘంటువుల్లో ఒకేసారి వెతుక్కోవచ్చు). వీలైతే మీది కాని జిల్లా నుంచి వచ్చిన స్నేహితులు ఒకరు, ఎందుకు కావాలో రెండో మెట్టులో తెలుస్తుంది.

1. ముందు అసలు మాటలు రాసుకోండి

క్రియ గురించి ఇప్పుడే ఆలోచించకండి. ఆవిడ ఏమంది? "ఏరా, ఇదేనా రావడం? ఫోనన్నా చేయొద్దూ?" అంటే కోప్పడింది. "పో, పోయి పడుకో, నన్ను విసిగించకు" అంటే కసురుకుంది. "మేం గుర్తుంటే కదా నీకు, స్నేహితులే ఎక్కువైపోయారు" అంటే నిష్ఠూరమాడింది. "నిరుడు మీ అక్క పెళ్ళికీ ఇంతే చేశావు" అంటే దెప్పింది. మాటలు కాగితం మీద ఉంటే సగం పని అయిపోయినట్టే. మీరు రాసేది కల్పిత కథ అయినా సరే, ఆ పాత్ర అన్న మాటలు ముందు పక్కన రాసుకోండి, కథలో అవి కనిపించకపోయినా ఫరవాలేదు.

2. ఎవరు ఎవరిని అన్నారో చూడండి

మన మాటల్లో చాలావాటికి పైనా కిందా ఉంటుంది. మందలించడం పైనుంచి కిందికే. తల్లి బిడ్డని, టీచరు పిల్లల్ని, పై అధికారి కింది ఉద్యోగిని మందలిస్తారు. గుమస్తా మేనేజర్ని మందలించడు, తప్పుపడతాడు, మరీ తెగిస్తే నిలదీస్తాడు. నిలదీయడంలో ప్రశ్న ఉండి తీరాలి, జవాబు చెప్పేదాకా కదలనివ్వకపోవడం అది. గద్దించడం, గదమాయించడం కూడా పైనుంచే వస్తాయి, అయితే గద్దిస్తే ఎదుటివాళ్ళు నోరు మూస్తారు, గదమాయిస్తే దాంట్లో బెదిరింపు కూడా కలుస్తుంది.

నిష్ఠూరానికి పైనా కిందా అక్కర్లేదు, చనువు కావాలి. పెళ్ళికి పిలవలేదని పిన్ని నిష్ఠూరమాడుతుంది, పక్క వీధిలో ముఖపరిచయం ఉన్నాయన నిష్ఠూరమాడడు. కావలసినవాళ్ళ మధ్యే ఆ మాటకి చోటుంది. "అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలు" అనే సామెత కూడా తెగిపోకూడని సంబంధం గురించే కదా.

జాగ్రత్త: "మందలించు" అన్ని జిల్లాల్లో ఒకటే కాదు. తెలంగాణలో చాలాచోట్ల మందలించడమంటే పలకరించడం, బాగోగులు అడగడం. "ఆస్పత్రిల ఉంటే పోయి మందలిచ్చి వచ్చిన" అంటే చూసి, పరామర్శించి వచ్చానని అర్థం, తిట్టి వచ్చానని కాదు. అక్కడా, నెల్లూరు వైపూ "ఏంది మందల" అంటే ఏమిటి సంగతి అని. మీ పాత్ర ఆ ఊళ్ళ మనిషైతే సంభాషణలో ఈ మాట పెట్టేముందు ఆ వైపు స్నేహితుల్ని అడగండి. తెలంగాణ వాళ్ళ నోట తిట్టడానికి "కోపం చేసిండు", "గుస్స అయిండు" లాంటివే సహజంగా ఉంటాయి.

3. ఎదుటా, చాటునా, నలుగురిలోనా?

మొహం మీదే మొత్తం అనేస్తే కడిగేసింది. ఇది ఎదుట మాత్రమే జరుగుతుంది, లేని మనిషిని కడిగేయలేం. చాటున నలుగురూ చేరి అంటే ఆడిపోసుకున్నారు. ఎదుటే ఉన్నా వినీవినపడకుండా అంటే గొణిగింది, సణిగింది. అందరి ముందూ అని తలెత్తుకోనివ్వకపోతే పరువు తీసింది, తెలంగాణలో ఇజ్జత్ తీసిండు. బద్నాం చేయడం వేరు, అందులో చేయని తప్పు అంటగట్టి పేరు చెడగొట్టడం ఉంటుంది, కాబట్టి నిజమైన తప్పు బయటపెట్టినప్పుడు బద్నాం చేశాడని రాయకండి.

4. పనిని అన్నారా, మనిషిని అన్నారా?

విమర్శించడం, తప్పుపట్టడం, ఆక్షేపించడం పని మీద, మాట మీద, నిర్ణయం మీద నిలబడతాయి. నిందించడం మనిషి మీద వాలుతుంది, జరిగినదానికి నువ్వే కారణం అంటుంది, ఆ మనిషి తప్పు నిజంగా ఉందో లేదో ఆ మాట చెప్పదు. తూలనాడడం, దూషించడం అంటే మనిషిని చెడ్డ మాటలతో అనడం. ఈసడించడం, ఛీత్కరించడం అయితే ఆ మనిషి అసలు లెక్కలోకే రానట్టు చూడడం, వీటికి మాటలు కూడా అక్కర్లేదు, ఒక "ఛీ" చాలు.

దూషించడం విషయంలో నేను మరీ పట్టుబడతాను. ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో నలుగురి ఎదుట దూషించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం, అలాంటి కేసుల వార్తల్లో రోజూ వినే మాట అది. ఆ బరువు మోసే మాటని పుస్తకం తెమ్మన్న టీచరుకి తగిలించకూడదు. అలాగే నిజంగా కులం పేరెత్తి అన్నచోట "మందలించారు" అనో "కోప్పడ్డారు" అనో తగ్గించి రాయడం అంతకన్నా పెద్ద తప్పు.

"ఖండించు" చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. దాడిని ఖండించారంటే అది తప్పని గట్టిగా చెప్పారని. ఆరోపణలను ఖండించారంటే అవి నిజం కాదన్నారని. మరి "మంత్రి ఆ వ్యాఖ్యలను ఖండించారు" అంటే? ఎవరో చేసిన వ్యాఖ్యలు తప్పన్నారా, అసలు తాను ఆ మాటలే అనలేదన్నారా? చదివేవాళ్ళకి తెలియదు. కాదన్న అర్థంలో అయితే "తోసిపుచ్చారు" అనో "తాను అలా అనలేదన్నారు" అనో రాయండి, ఖండించడాన్ని తప్పని చెప్పే అర్థానికి వదిలేయండి. ఇంకో సంగతి, ఖండించేది మాటనో పనినో మాత్రమే. "ఆయన్ని ఖండించారు" అని రాస్తే ముక్కలు చేశారని అర్థం వస్తుంది.

5. ఆ మాట ఎవరి పక్షాన ఉందో చూడండి

ఎక్కువమంది వదిలేసేది ఈ మెట్టే, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. తప్పుపట్టే మాటల్లో కొన్ని అన్నవాళ్ళని సమర్థిస్తాయి, కొన్ని పడ్డవాళ్ళని. మీరు ఎవరి పక్షమూ వహించలేదనుకుంటారు, మీరు రాసిన క్రియ అప్పటికే తీర్పు చెప్పేసి ఉంటుంది.

మందలించింది, బుద్ధి చెప్పింది, చీవాట్లు పెట్టింది, గడ్డి పెట్టింది అంటే తప్పు పడ్డవాళ్ళదే. గడ్డి పెట్టడంలో అయితే వాళ్ళకి బుద్ధే లేదన్నది కూడా కలిసి వస్తుంది. దెప్పింది, ఎత్తిపొడిచింది, సాధించింది, ఆడిపోసుకుంది అంటే తప్పు అన్నవాళ్ళదైపోతుంది, పడ్డవాళ్ళు ఎంత తప్పు చేసినా సరే. కసురుకోవడం కూడా ఇటువైపే, దానికి ఎదుటివాళ్ళ తప్పుతో పనిలేదు, తన చిరాకు చాలు. మధ్యలో నిలబడేవి తక్కువ: తప్పుపట్టింది, కోప్పడింది, అభ్యంతరం చెప్పింది.

ఈ గుంపులో దెప్పడం, ఎత్తిపొడవడం, సాధించడం ఒకటే అనుకుని ఎలా పడితే అలా వాడేస్తుంటారు. దెప్పడానికి పాతది ఏదో ఉండాలి, ఎప్పుడో చేసిన తప్పు గానీ, ఎప్పుడో తాము చేసిన మేలు గానీ. "ఆ రోజు ఫీజు కట్టింది ఎవరు?" అన్నది దెప్పడం. ఎత్తిపొడవడానికి పాతది అక్కర్లేదు, ఎదుటివాళ్ళకి నొప్పి ఎక్కడుందో తెలిస్తే చాలు. ఉద్యోగం రాని కుర్రాడు వింటుండగా "పక్కింటివాడికి బెంగళూరులో వచ్చిందట" అనడం ఎత్తిపొడుపు, అతన్ని పేరెత్తి ఒక్క మాటా అనలేదు చూడండి. సాధించడానికి రోజులు కావాలి. ఒక్కసారి అంటే సాధించడం కాదు, అన్నం దగ్గరా అదే, టీ దగ్గరా అదే, పడుకోబోయేముందూ అదే అయితే అప్పుడు సాధింపు.

పరీక్ష: క్రియ ముందు "సరిగ్గానే" అని పెట్టి పైకి చదవండి. "సరిగ్గానే మందలించింది" నిలబడుతుంది. "సరిగ్గానే తప్పుపట్టింది" కూడా నిలబడుతుంది. "సరిగ్గానే సాధించింది" పడిపోతుంది. "సరిగ్గానే ఆడిపోసుకున్నారు" అనడానికి నోరే రాదు. పడిపోయిందంటే ఆ మాట అన్నవాళ్ళ మీద తీర్పు చెబుతోందని. అదే మీ ఉద్దేశమైతే ఉంచండి, కాకపోతే మార్చండి.

6. జోరు కావాలంటే పని చూసి మాట తీసుకోండి

గట్టిగా అన్నారని చెప్పడానికి మనకి బోలెడు మాటలు చేతిపనుల నుంచి వచ్చాయి, ఆ పని ఎలా చేస్తారో ఒకసారి కళ్ళముందు తెచ్చుకుంటే ఎక్కడ ఏది వాడాలో దానంతటదే తెలుస్తుంది.

తూర్పారబట్టడం చూసినవాళ్ళు ఇప్పుడు తగ్గిపోయారు. కళ్ళంలో గాలి మళ్ళేదాకా కాచుకుని, మా తాతయ్య ఎత్తుపీట మీద నిలబడి, చేటనిండా వడ్లు తలపైకెత్తి, అంచు కొద్దిగా వంచి సన్నటి ధారగా వదిలేవాడు. గింజ నేరుగా కాళ్ళ దగ్గర పడేది, తాలూ పొట్టూ గాలికి పక్కకి కొట్టుకుపోయేవి. ఒక్క చేట కాదు, రాశి మొత్తం అయ్యేదాకా అలాగే. కాబట్టి తూర్పారబట్టారంటే అంశం తర్వాత అంశం ఎత్తి, ఎందులో పస ఉంది, ఎందులో లేదు అని వేరుచేసి చూపించారని. ఎవరో స్టేజీ ఎక్కి రెండు నిమిషాలు అరిచి దిగిపోతే అది తూర్పారబట్టడం కాదు, మండిపడడం.

ఏకిపారేయడం దూది పని. పోగు పోగూ విడదీసి ఏమీ మిగలకుండా చేయడం, కాబట్టి సినిమా రివ్యూలకి ఇది బాగా అతుకుతుంది. ఎండగట్టాలంటే లోపల దాచిపెట్టింది ఏదో ఉండాలి, దాన్ని బయటికి తెచ్చి ఎండలో పెట్టాలి. అక్రమాలను ఎండగట్టారంటే సరిపోతుంది, అందరికీ తెలిసిన ధరల పెరుగుదలని ఎండగట్టారంటే సరిపోదు. దులిపేయడం చిన్నపని, రెండు దెబ్బలు కొడితే దుమ్ము పోతుంది, అంతే. ఉతికి ఆరేయడం పెద్దపని, మాట్లాడే భాషలో బాగుంటుంది, అర్జీలో బాగుండదు. చురక అయితే కాల్చి చటుక్కున అంటించి తీసేసేది, ఒక్క వాక్యానికే చురక అనండి, గంట ఉపన్యాసానికి కాదు.

కోర్టు వార్తల్లో "మొట్టికాయలు", "అక్షింతలు" శీర్షికల వరకు చెల్లుతున్నాయి. తీర్పు సారాంశమో అనువాదమో రాస్తుంటే మాత్రం "తప్పుపట్టింది", "అసంతృప్తి వ్యక్తం చేసింది" దాటి పోకండి, న్యాయమూర్తి నిజంగా ఏమన్నారో అది రాయండి. ధ్వజమెత్తడం, నిప్పులు చెరగడం, దుమ్మెత్తిపోయడం రాజకీయాల మాటలు, వంటింట్లోకి తేవద్దు. అత్తగారు కోడలి మీద ధ్వజమెత్తిందని ఒక కథలో చదివాను, మంచి కథ, ఆ ఒక్క వాక్యం దగ్గర అత్తగారు కాస్తా ప్రతిపక్ష నాయకురాలైపోయింది.

7. నోరు తెరవకుండా అన్నవి

పెదవి విరిచారంటే బాగుంటుందనుకున్నది బాగోలేదని. మూతి ముడిచారంటే తమకి జరగాల్సింది జరగలేదని. ముక్కున వేలేసుకున్నారంటే ఇలా కూడా చేస్తారా అని ఆశ్చర్యమూ కాస్త ఏవగింపూ కలిసి ఉంటాయి. ముఖం చిట్లించడం అప్పటికప్పుడు కలిగిన చిరాకు. వీటిని మాటల పక్కన మళ్ళీ పెట్టకండి, "పెదవి విరుస్తూ విమర్శించాడు" అంటే ఒకటే పని రెండుసార్లు చెప్పినట్టు.

8. మీరే రాయాల్సి వస్తే: ఉత్తరాలు, అర్జీలు

ఇంకా జరగనిదాన్ని ఆపాలంటే "అభ్యంతరం". జరిగింది తప్పని చెప్పాలంటే "ఆక్షేపణ" (దానికన్నా "ఇది సరికాదు" అని సూటిగా రాస్తే ఇంకా మంచిది). పదిమంది కలిసి ఒప్పుకోబోమని తెలపాలంటే "నిరసన". గర్హిస్తున్నాం, అభిశంసిస్తున్నాం లాంటివి వద్దు. అభిశంసన అంటే చదివేవాళ్ళకి గుర్తొచ్చేది రాజ్యాంగం 61వ అధికరణం కింద రాష్ట్రపతిని తొలగించే ప్రక్రియ, పార్కింగ్ గొడవకి అంత మాట మోయలేం. మంత్రిమండలి మీద పెట్టే అవిశ్వాస తీర్మానం దీనికి వేరని కూడా గుర్తుంచుకోండి.

సబ్‌టైటిళ్ళ వాళ్ళకి ఒక మాట. కూతురి పెళ్ళి నచ్చని తండ్రి చేత "నేను దీన్ని ఆమోదించను" అనిపించకండి. ఆమోదించేది బడ్జెట్లని, తీర్మానాలని. తండ్రి "నేనొప్పుకోను" అంటాడు, లేదా "నాకిష్టం లేదమ్మా" అంటాడు, ఈ రెంటిలో ఏదన్నది ఆ తండ్రిని బట్టి ఉంటుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

విభక్తి దగ్గర జారిపోతారు. "ప్రభుత్వంపై దుయ్యబట్టారు" తప్పు, ప్రభుత్వాన్ని దుయ్యబట్టారు. తూర్పారబట్టడం, ఎండగట్టడం, నిలదీయడం, ఏకిపారేయడం అన్నీ "ని" తోనే. మండిపడడం, విరుచుకుపడడం, ధ్వజమెత్తడం "మీద" తోనో "పై" తోనో. చీవాట్లు పెట్టడం, గడ్డి పెట్టడం, బుద్ధి చెప్పడం "కి" తో: కొడుక్కి చీవాట్లు పెట్టాడు.

రెండోది, ఒకే వార్తలో మండిపడ్డారు, విరుచుకుపడ్డారు, నిప్పులు చెరిగారు అని మూడూ వాడేయడం. ఒక్క మాట మళ్ళీ రాకూడదని మారుస్తారు, తీరా చూస్తే ఆ నాయకుడు మొదట్లోనూ చివర్లోనూ ఒకే గొంతుతో మాట్లాడాడు. "అన్నారు" అని రాయండి. "అన్నారు" ఎన్నిసార్లు వచ్చినా ఎవరికీ అడ్డు రాదు.

సరిచూసుకోవడం

అన్నవాళ్ళనీ పడ్డవాళ్ళనీ తారుమారు చేసి చదవండి. "మేనేజరు గుమస్తాని విమర్శించాడు", "గుమస్తా మేనేజర్ని విమర్శించాడు", రెండూ ఒకేలా అతికితే మీ మాట వాళ్ళ మధ్య ఉన్నదేమీ చెప్పడం లేదని. తర్వాత పడ్డ మనిషి ఇది చదివితే "అవును, ఆవిడ అలాగే అంది" అంటారా అని ఆలోచించండి, తర్వాత అన్న మనిషి చదివితే ఏమంటారో ఆలోచించండి. ఇద్దరూ ఒప్పుకునే మాట దొరక్కపోతే క్రియ తీసేసి, మొదటి మెట్టులో రాసుకున్న మాటల్నే కొటేషన్లో పెట్టండి. ఇది ఎప్పుడూ పనిచేసే మార్గం.

ఒకటి చేసి చూద్దాం. "నీళ్ళ ట్యాంకర్ రాలేదని అపార్ట్‌మెంట్ వాళ్ళంతా సెక్రటరీని విమర్శించారు." అసలు మాటలేమిటి? కింద పోర్షన్ పెద్దావిడ, "రాత్రి ఫోన్ చేస్తే ఎత్తలేదేం నాయనా, నేనూ పరాయిదాన్నయిపోయానా?" మూడో అంతస్తు ఆయన, "నెలనెలా కట్టించుకుంటున్నారు, లెక్కలేవి? చెప్పండి." ఆయన భార్య, "పోయినేడు లిఫ్టు చెడిపోయినప్పుడూ ఇంతే చేశారు." వెనక నిలబడ్డ ఇద్దరు ఏదో అనుకున్నారు గానీ పైకి వినపడలేదు. ఇప్పుడు రాస్తే: "నీళ్ళ ట్యాంకర్ రాలేదని కింద పోర్షన్ పెద్దావిడ నిష్ఠూరమాడింది. మూడో అంతస్తు ఆయన లెక్కలు చెప్పమని నిలదీశాడు, ఆయన భార్య నిరుటి లిఫ్టు సంగతి ఎత్తి దెప్పింది. వెనక ఇద్దరు గొణుక్కున్నారు. సెక్రటరీ మాత్రం పెద్దావిడ వైపే తిరిగి, ఫోన్ సైలెంట్‌లో ఉందండీ అన్నాడు."